రాతి తోరణం నుంచి కార్డు మీది తోరణం దాకా

నా చిన్నప్పుడు ఆగస్టు 14 సాయంత్రమైతే చాలు, హైదరాబాద్ బేగంపేటలో మా సందంతా ఉడికిన మైదా వాసన వేసేది. పాత ఇత్తడి గిన్నెలో మైదాపిండి, నీళ్లు పోసి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, ఉండ కట్టకుండా మేనత్త కలియబెడుతుంటే మేం పిల్లలం పురికొస పట్టుకుని కూర్చునేవాళ్లం. మా కిటికీ ఊచ నుంచి ఎదురింటి పిట్టగోడ దాకా ఆ తాడు. దాని మీద మూడు రంగుల ముక్కోణపు కాగితాలు. మేం 'జెండాలు' అనేవాళ్లం, పక్కింటి పిల్లలు 'ఝండియా' అనేవాళ్లు. రాత్రి వాన పడితే పొద్దుటికి కాషాయం కారి తెలుపంతా నారింజ రంగు అయ్యేది.

మిగిలిన కాగితపు పేలికల్ని అత్తయ్య పారేసేది కాదు. నోటుబుక్కు మధ్య దాచేది. డిసెంబరులో అవే బయటికి వచ్చి, వేలెడంత తోరణాలై, కొత్త సంవత్సరం కార్డుల మీదికి ఎక్కేవి. ఆ చిన్న తోరణం ఎక్కడ పుట్టిందో వెతుకుదామని చాలా ఏళ్లుగా నాకు ఆశ. వెతికేకొద్దీ తెలిసింది ఒకటే. కాగితపు అలంకారానికి చరిత్ర మిగలదు. పండగ అయిపోగానే దాన్ని చించేస్తాం. కాబట్టి దాని కథను చిరగని చుట్టాల దగ్గర అడిగి తెలుసుకోవాలి.

అందరిలో పెద్ద చుట్టం రాయి. సంస్కృతంలో తోరణమంటే ద్వారం ముందు నిలిపే కమాను. సాంచీ స్తూపం దక్షిణ తోరణం మీద, శాతకర్ణి రాజు దగ్గర శిల్పులకు పెద్దగా ఉన్న ఆనందుడు చేయించిన దానం అని చెక్కి ఉంది. ఓరుగల్లు కోటలో కాకతీయుల నాలుగు కీర్తి తోరణాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది ఆ తోరణమే. వాటి కింద ఒక్కసారి నిలబడి తలెత్తి చూడండి. అడ్డదూలం మీద వంపులు వంపులుగా పూలదండలు, కిందికి దిగిన తామర మొగ్గలు. ఎండిపోయే దండను ఎండిపోకుండా రాతిలో పెట్టారు. తెలుగులో మాత్రం ఆ మాట గుమ్మాన్ని వదిలి, గుమ్మానికి కట్టే ఆకుల దగ్గరికి వచ్చేసింది. 'తోరణం కట్టారా?' అని ఎవరైనా అడిగితే మనకు తోచేది మామిడాకులే. మనం కట్టే కాగితపు జెండాలు ఆ ఆకుల వరసను చూసి నేర్చుకున్నవేనని నా నమ్మకం. ముక్కోణం కొన కిందికి వేలాడే తీరులోనే మామిడాకు పోలిక ఉంది.

ఇక కాగితం సంగతి. చైనాలో పుట్టి, సమర్‌ఖండ్, బాగ్దాద్ మీదుగా దక్కనుకు నడిచి వచ్చిన వస్తువు అది. దౌలతాబాద్ పక్కన కాగితం చేసేవాళ్ల ఊరికి కాగజీపురా అన్న పేరు నేటికీ ఉంది. మన వైపు కోరుట్ల, కోయిలకొండ చేతి కాగితానికి పేరు పడ్డ ఊళ్లు. నిజాం కాలంలో దాని మీద లెక్కలు, దస్తావేజులు రాసుకున్నారు. అంత కష్టపడి చేసిన కాగితాన్ని ఒక్కరోజు పండక్కి కత్తిరించి గాలికి కట్టడానికి ఎవరికి చేతులొస్తాయి? మిల్లు కాగితం వచ్చాకే ఆ ధైర్యం వచ్చి ఉంటుంది. సిర్పూర్ పేపర్ మిల్లు 1938లో వచ్చింది. దాని చుట్టూ పెరిగిన ఊరు కాగజ్‌నగర్.

కాగితం కత్తిరించే విద్య మాత్రం చాలా పాతది. ఇప్పటికి దొరికిన వాటిలో అన్నింటికన్నా పాత కత్తిరింపులు చైనా పడమటి అంచున, తుర్ఫాన్ ఎడారి సమాధుల్లో బయటపడ్డాయి. 6వ శతాబ్దపువి. కాగితాన్ని గుండ్రంగా మడతలు పెట్టి కోసి, విప్పితే చుట్టూ ఒకే బొమ్మ తిరిగి తిరిగి వచ్చేలా చేసినవి. మన చిన్నప్పటి మడత కత్తిరింపే అది. ఎడారి పొడిగాలి వాటిని కాపాడింది. మా బేగంపేట వానకు ఆరు గంటలు నిలవని వస్తువు అక్కడ పద్నాలుగు వందల ఏళ్లు నిలిచింది.

15, 16 శతాబ్దాల్లో హెరాత్ నగరపు కళాకారులు అక్షరాలనే కాగితంలోంచి కత్తిరించి మరో రంగు కాగితం మీద అతికించారు. దక్కనులో, 17వ శతాబ్దపు బీజాపూర్‌లో, నీళ్ల మీద రంగులు తేల్చి కాగితానికి పట్టించే అబ్రీ పని జరిగింది. ఏనుగో గుర్రమో కావలసిన చోట కత్తిరించిన కాగితపు అచ్చును అడ్డం పెట్టి, ఆ బొమ్మ మేర మాత్రమే రంగు పట్టేలా చూసేవారు. ఆ బొమ్మలు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. అచ్చులుగా వాడిన కాగితాలు ఎటు పోయాయో!

ఊళ్లలో ఈ కత్తిరింపు పని బతికింది పీర్ల పండుగలో. వెదురు బద్దల తాబూతుకు రంగుకాగితం, తళుకు కాగితం కోసి అంటించేవాళ్ల చేతుల్లో. అదీ చివరికి నీళ్లలో కలిసేదే. తోలుబొమ్మలు మాత్రం నిలిచాయి. అనంతపురం వైపు నిమ్మలకుంటలో, పల్చగా గీసిన తోలు మీద చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా పొడిచి సీతమ్మకు నగలు పెడతారు. వెలుగు రావలసిన చోట తోలు తీసేయడమే అక్కడ పనితనం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మెక్సికో వాళ్లు పండగలకు వీధుల మీద కట్టే కాగితపు తెరలకూ ఇదే పద్ధతి. పల్చటి కాగితాల దొంతర పెట్టి, ఉలితో కొట్టి ఒకేసారి పదుల కొద్దీ తీస్తారు. వాళ్ల ఉలినీ మన ఉలినీ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి.

మా వీధికి మూడు రంగుల తోరణం వచ్చిన కథ వేరు. నిజాం ఇంటి ఆడపడుచు బషీరున్నీసా బేగం పేరు మీద వెలసిన పేట ఇది. 1947 ఆగస్టు 15న హైదరాబాద్ సంస్థానంలో మూడు రంగుల జెండా ఎగరేయడం అరెస్టయ్యే నేరం. 1948 సెప్టెంబరు 17న సంస్థానం భారతదేశంలో కలిశాక రోజులు మారాయి. 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు ఏడో నిజాం చేతులు జోడించి స్వాగతం పలికారు. ఆ ఏడాది ఆగస్టు 15 ఇక్కడివాళ్లు భయం లేకుండా జరుపుకున్న మొదటి స్వాతంత్ర్య దినం. ఒక మాట మరిచిపోకూడదు. 2002 నాటి జెండా నియమావళి ప్రకారం జాతీయ పతాకాన్ని తోరణంగా గుచ్చకూడదు. మూడు రంగులు విడివిడి ముక్కలుగా కట్టండి, చక్రం వేయకండి.

కార్డు మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. 1843లో హెన్రీ కోల్ అనే ఆయన జాన్ హార్స్లీ చేత బొమ్మ గీయించి వెయ్యి దాకా క్రిస్మస్ కార్డులు అచ్చు వేయించారు. ఒక్కోటి ఒక షిల్లింగు. భోజనానికి కూర్చున్న కుటుంబం, వాళ్ల ముందు కిందికి వేలాడే గుడ్డ, ఆ గుడ్డ మీద శుభాకాంక్షలు. అంటే తొలి క్రిస్మస్ కార్డు పుట్టిందే తోరణంతో. 1806 నుంచి ఇంగ్లిషువాళ్ల కంటోన్మెంటు ఉన్న సికింద్రాబాదుకు ఆ అలవాటు తొందరగానే చేరి ఉంటుంది. మనకు అప్పటికే శుభలేఖ ఉంది, నాలుగు మూలలా పసుపు అద్ది. నా మటుకు తెలుగువాళ్ల మొదటి చేతి కార్డు అదే. 1980లు, 90లలో కొత్త సంవత్సరానికి దుకాణాల ముందు సినిమా హీరోల గ్రీటింగ్ కార్డులు తాళ్లకు గుచ్చి వేలాడేవి. కొనలేని పిల్లలం డ్రాయింగు షీటు మడిచి చేసుకున్నాం.

అత్తయ్య చేసే పద్ధతి చెబుతాను. ఎ4 షీటు రెండుగా మడిస్తే కార్డు 148 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. పతంగుల కాగితం 13 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున చీలిక తీసి, ఎనిమిది పొరలు వచ్చేలా విసనకర్ర మడతలు వేయాలి. పైన పావు సెంటీమీటరు అంచు వదిలేసి, కింది మూలలు రెండూ ఏటవాలుగా కోయాలి. ఆ అంచును కత్తెర తాకిందో, తోరణం విడిపోయి ఎనిమిది ముక్కలవుతుంది. మడత పక్కన సూదితో ఒక్క చుక్క పొడిస్తే విప్పగానే ప్రతి ఆకులోనూ కన్ను కనిపిస్తుంది. పదహారు పొరలు చేయాలని చూస్తే లోపలివి జారి కోత వంకర పోతుంది. ఎనిమిదే మేలు. మైదా జిగురు ఇంత పల్చటి కాగితాన్ని ముడతలు పెడుతుంది. అందుకే తుమ్మబంక అగ్గిపుల్ల కొనతో, పై అంచుకు మాత్రమే రాయాలి. కింది కొనలు వదిలేయాలి. కార్డు తెరవగానే ఊపిరి తగిలి అవి కదలాలి. అత్తయ్యకు ఆ కదలికే ముఖ్యం. కదలకపోతే పీకేసి మళ్లీ చేసేది.

ఆమె చేసిన వాటిలో ఒక్కటి నా దగ్గర మిగిలింది. కాషాయ రంగు వెలిసి బియ్యపు గంజి రంగుకు వచ్చింది. ఎనిమిది ఆకుల్లో ఏడున్నాయి. లోపల 'నూతన సంవత్సర శుభాకాంక్షలు' అని రాసింది కానీ ఏ సంవత్సరమో రాయలేదు. కవరు లేదు, పోస్టు ముద్ర లేదు. ఇంట్లో అందరినీ అడిగాను, తలా ఒక ఏడాది చెప్పారు.

మీరు కార్డు చేస్తే వెనకవైపు కింది మూలన, పెన్సిలుతో, మీ పేరు, ఊరు, ఏడాది రాయండి. సిరా చెమ్మకు కారిపోతుంది. పెన్సిలు గీత నిలుస్తుంది.