ప్రపంచ మత్స్యకార దినోత్సవం

ప్రపంచ మత్స్యకార దినోత్సవం ప్రతి సంవత్సరం నవంబర్ 21వ తేదీన జరుపబడుతుంది. 1997లో ఇదే తేదీన న్యూఢిల్లీలో అనేక దేశాల మత్స్యకార సంఘాల ప్రతినిధులు సమావేశమై ఒక అంతర్జాతీయ వేదికను ఏర్పాటు చేసుకొన్నారు. దానికి గుర్తుగా ఈ దినోత్సవం ఏర్పడినది. చేపల వేటపై ఆధారపడి జీవించేవారి హక్కులు, సముద్రంలోను నదులలోను చేపల నిల్వలు తరిగిపోకుండా కాపాడుకోవడం దీని ముఖ్యాంశాలు. భారతదేశంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మత్స్యశాఖలు కూడా దీనిని అధికారికంగా నిర్వహిస్తున్నాయి.

పేరు

తెలుగు పత్రికలలో ఈ దినాన్ని "ప్రపంచ మత్స్య దినోత్సవం" అనీ, "ప్రపంచ మత్స్యకార దినోత్సవం" అనీ రెండు విధాలుగా వ్రాస్తారు. దినోత్సవం పుట్టిన తీరును బట్టి చూస్తే రెండవ పేరే సరియైనది. ఇది చేపను గురించిన పండుగగా కాక, చేపను పట్టేవారు తమంతట తాము నిర్ణయించుకొన్న దినంగా మొదలైనది. జూలై 10న జరిగే జాతీయ మత్స్య రైతుల దినోత్సవం దీనికి భిన్నమైనది. 1957లో అదే తేదీన ఒడిషాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌదురి, కె.హెచ్.అలికుంఞి అను శాస్త్రవేత్తలు హార్మోను సూదిమందుతో కార్పు చేపలచే గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. ఆ దినం చెరువులలో చేపలు పెంచే రైతులకు సంబంధించినది.

నేపథ్యం

భారత తీరంలో శతాబ్దాల పాటు వేట తెప్పలు, నాటు పడవలతోనే సాగినది. 1952లో భారతదేశం, నార్వే, ఐక్యరాజ్య సమితి మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం కేరళలోని కొల్లం సమీపాన నీండకర ప్రాంతంలో ఇండో-నార్వేజియన్ పథకం ప్రారంభమైనది. పడవలకు యంత్రాలు అమర్చి మత్స్యకారుల బ్రతుకు మెరుగుపరచడం దాని ఉద్దేశం. కాని కొద్ది కాలానికే రొయ్యల ఎగుమతికి గిరాకీ పెరగడంతో, సముద్రపు అడుగును ఊడ్చుకొంటూ పోయే ట్రాలు వలలతో మరపడవలు వేటకు దిగాయి. వీటి యజమానులలో అనేకులు మత్స్యకారులు కారు, పెట్టుబడి పెట్టగలిగిన ఇతరులు. ట్రాలు వల పెద్ద చేపతో పాటు పిల్ల చేపను, గుడ్డు చేపను, పనికిరాని జీవరాశిని కూడా లాగివేస్తుంది. తీరానికి దగ్గరగా వచ్చినప్పుడు నాటు పడవల వలలను తెంపుకొని పోతుంది. 1970 దశకంలో గోవా, తమిళనాడు, కేరళ తీరాలలో మరపడవలకు, నాటు పడవలకు మధ్య ఘర్షణలు జరగడానికి కారణం ఇదే.

ఈ ఘర్షణల నుండి 1978లో ఒక జాతీయ సంఘం పుట్టినది. గోవాకు చెందిన మతానీ సల్దానా దీని తొలి అధ్యక్షుడు. తరువాతి కాలంలో ఇది జాతీయ మత్స్యకార్మికుల వేదికగా ప్రసిద్ధి చెందినది. కేరళకు చెందిన క్రైస్తవ ఫాదరీ థామస్ కొచ్చేరి 1980, 1990 దశకాలలో దీనికి నాయకత్వం వహించాడు. మత్స్యకారుల మధ్యనే జీవించిన ఈయన, అమెరికాకు చెందిన ప్యూ సంస్థ ప్రకటించిన పురస్కారాన్ని ఆ నిధి చమురు వ్యాపారం నుండి వచ్చినదన్న కారణంతో తిరస్కరించాడు. 2014 మే 3న మరణించాడు.

1989లో ఈ వేదిక "నీటిని కాపాడండి, జీవాన్ని కాపాడండి" అను నినాదంతో కన్యాకుమారి యాత్ర చేపట్టినది. ఒక బృందం పశ్చిమ తీరం వెంట ముంబాయి నుండి, మరొకటి తూర్పు తీరం వెంట బెంగాల్ నుండి బయలుదేరాయి. రెండవ బృందం మార్గంలోనే ఆంధ్ర తీరం ఉన్నది. మే 1న కన్యాకుమారిలో జరిగిన సభ పోలీసు కాల్పులతో ముగిసినది.

1991లో కేంద్ర ప్రభుత్వం నూతన ఆర్థిక విధానంలో భాగంగా విదేశీ సంస్థల భాగస్వామ్యంతో నడిచే పెద్ద ఓడలకు లోతు సముద్రంలో వేటకు అనుమతులు ఇవ్వడం మొదలుపెట్టినది. దీనితో అంతవరకు ఒకరితో ఒకరు తగవులాడుకొంటున్న నాటు పడవలవారు, మరపడవలవారు, చేపల వ్యాపారులు ఒక్కటైనారు. 1994లో దేశవ్యాప్తంగా వేట, అమ్మకం నిలిపివేసి సమ్మె చేశారు. ఫలితంగా 1995లో పి.మురారి అధ్యక్షతన కమిటీ ఏర్పడినది. 1996లో సమర్పించిన నివేదికలోని 21 సిఫారసులలో విదేశీ భాగస్వామ్య అనుమతుల రద్దు ప్రధానమైనది. 1997లో ప్రభుత్వం ఈ నివేదికను ఆమోదించినది. ఆ సంవత్సరమే అంతర్జాతీయ సమావేశానికి ఢిల్లీ వేదిక అయినది. ఉద్యమం గెలిచిన దేశంలో సమావేశం జరగడం కాకతాళీయం కాదని భావించవచ్చును.

ఢిల్లీ సమావేశం, అనంతరం

ఢిల్లీలో ఏర్పడిన వేదిక 2000 సంవత్సరంలో ఫ్రాన్సులోని లోక్టుడీలో పూర్తి స్థాయి మహాసభ జరుపుకొన్నది. అక్కడే అభిప్రాయ భేదాల వలన రెండుగా చీలిపోయినది. భారతదేశపు జాతీయ మత్స్యకార్మికుల వేదిక వాటిలో ఒకదానితో కొనసాగినది. చీలిక వచ్చినా నవంబర్ 21 మాత్రం నిలిచినది.

ఈ సంఘాల దీర్ఘకాల కృషికి దక్కిన ముఖ్య ఫలితం చిన్నతరహా మత్స్య వేటకు సంబంధించిన మార్గదర్శకాలు. వీటిని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థకు చెందిన మత్స్య సంఘం 2014 జూన్‌లో ఆమోదించినది. అదే సంస్థ 1995లో వెలువరించిన బాధ్యతాయుత మత్స్య వేట నియమావళి ప్రధానంగా చేపను ఎలా పట్టాలో చెప్పగా, 2014 పత్రం తీరభూమిపై హక్కు, స్త్రీల శ్రమ, కూలి, విపత్తులలో రక్షణ మొదలైన విషయాలను కూడా చేపల సంరక్షణలో భాగంగానే పరిగణించినది. చెన్నై నుండి ఈ మార్గదర్శకాల కోసం ఏళ్ళ తరబడి కృషి చేసిన చంద్రికా శర్మ, అవి ఆమోదం పొందడానికి మూడు నెలల ముందు, 2014 మార్చి 8న అదృశ్యమైన మలేషియా విమానంలో ప్రయాణిస్తున్నది. మార్గదర్శకాలు ఆమె స్మృతికి అంకితం చేయబడినవి. 2022వ సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి చిన్నతరహా మత్స్య వేట, చేపల పెంపకాల అంతర్జాతీయ సంవత్సరంగా పాటించినది.

2023లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం ప్రపంచంలో పట్టే చేపలలో కనీసం 40 శాతం చిన్నతరహా వేట నుండే వస్తున్నది. ఈ రంగంలో పనిచేసేవారిలో ప్రతి పదిమందిలో నలుగురు స్త్రీలు. పడవ ఎక్కేవారినే లెక్కించే పద్ధతి వలన వలలు బాగుచేసేవారు, చేపలు ఎండబెట్టేవారు, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్మేవారు చాలాకాలం గణాంకాలలోనికి రాలేదు.

చేపల నిల్వలు, వేట విరామం

ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం 1974లో ప్రపంచ సముద్ర చేపల నిల్వలలో సుమారు 10 శాతం మాత్రమే మితిమీరిన వేటకు గురియైనవి. 2025లో ప్రచురించిన సమీక్షలో ఇది 35.5 శాతంగా ఉన్నది. చేపలు పిల్లలు పెట్టే కాలంలో వేట ఆపడం నిల్వలను కాపాడే మార్గాలలో ఒకటి. ఈ కోరిక మొదట నాటు పడవల వారి నుండే వచ్చినదన్న సంగతి తరచు మరుగున పడుతుంది. కేరళలో వారు చేసిన ఆందోళనల ఫలితంగా 1988లో వర్షకాలపు ట్రాలింగ్ నిషేధం మొదటిసారి అమలైనది.

ప్రస్తుతం తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు, అనగా 61 రోజులు, యంత్రాలున్న పడవలకు వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులు. యంత్రం లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నది. కాని ఆంధ్ర తీరంలో తెప్పల స్థానాన్ని మోటారు అమర్చిన ఫైబర్ పడవలు ఆక్రమించాయి. కనుక ఈ మినహాయింపు వలన మేలు పొందేవారు తక్కువ. నలుగురైదుగురు పనిచేసే చిన్న మోటారు పడవ కూడా పెద్ద ట్రాలరుతో సమానంగా రెండు నెలలు ఒడ్డున ఉండవలసినదే.

ఈ విరామానికి ప్రభుత్వం ఇచ్చే భృతి కూలి కోల్పోయిన కుటుంబానికి పరిహారం వంటిది. ఆంధ్రప్రదేశ్‌లో 4,000 రూపాయలుగా ఉన్న ఈ మొత్తాన్ని 2019 నవంబర్ 21న, మత్స్యకార దినోత్సవం నాడే, 10,000 రూపాయలకు పెంచి పంపిణీ ప్రారంభించారు. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ప్రారంభించిన "మత్స్యకార సేవలో" పథకం క్రింద 20,000 రూపాయలు చేశారు. 20,000 రూపాయలను 61 రోజులకు పంచితే కుటుంబానికి రోజుకు సుమారు 328 రూపాయలు అవుతుంది.

అంగడిలో చేప

ఢిల్లీ సమావేశం జరిగిన 1997లోనే లండన్‌లో యూనిలీవర్ కంపెనీ, ప్రపంచ వన్యప్రాణి నిధి కలసి మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అను సంస్థను నెలకొల్పాయి. నిల్వలు తరగని విధంగా పట్టిన చేపకు ఈ సంస్థ నీలిరంగు చిహ్నం ఇస్తుంది. దానిని చూసి కొనేవారు మంచి వేటను ప్రోత్సహించినట్లగునని దీని ఆలోచన. భారతదేశంలో మొదట ఈ గుర్తింపు పొందినది కేరళలోని అష్టముడి సరస్సులో గుల్లలు ఏరే వృత్తి (2014). అయితే తనిఖీల ఖర్చు, వ్రాతకోతలు పెద్ద సంస్థలకు సాధ్యమైనంత సులభంగా చిన్న పడవలకు సాధ్యం కావు. చిహ్నం చూసి కొనే గిరాకీ కూడా ఎక్కువగా ఎగుమతి దేశాలలోనే ఉన్నది.

కొనుగోలు దేశాల షరతుల ప్రభావాన్ని రొయ్యల విషయంలో స్పష్టంగా చూడవచ్చును. ట్రాలు వలలలో చిక్కి సముద్ర తాబేళ్ళు ఊపిరాడక మరణిస్తాయి. అవి తప్పించుకొని పోయేందుకు వలలో అమర్చే జాలీ వంటి పరికరం వాడని దేశాల రొయ్యలను అమెరికా నిరాకరించినప్పుడు, భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో వెలువడిన తీర్పు, చట్టం ఉద్దేశాన్ని తప్పుపట్టక, దానిని అమలుచేసిన తీరులో వివక్ష ఉన్నదని చెప్పినది. 2019లో అమెరికా ఇదే కారణంపై భారత సముద్రంలో పట్టిన రొయ్యల దిగుమతిని నిలిపివేసినది. చెరువులలో పెంచిన రొయ్యలకు ఇది వర్తించలేదు. ఆంధ్ర తీరానికి ప్రతి శీతాకాలం గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకపై చచ్చిపడి కనిపించడం మాత్రం ఆగలేదు.

కొనేవారి వైపు నుండి సులభంగా పాటించదగినది చేప పరిమాణం. కేరళ ప్రభుత్వం కొన్ని జాతులకు కనీస పరిమాణం నిర్ణయించినది. ఉదాహరణకు నూనె కవళ్ళు 10 సెంటీమీటర్లు, కానాగంతలు 14 సెంటీమీటర్ల కన్న చిన్నవి పట్టరాదు. ఒక్కసారియైనా గుడ్లు పెట్టే అవకాశం చేపకు ఇవ్వడమే దీని ఉద్దేశం. తెలుగువారికి ప్రీతిపాత్రమైన పులస విషయంలో ఈ ఉపాయం కూడా పనిచేయదు. సముద్రంలో విలసగా తిరిగే ఈ చేప వరద నీటితో గోదావరిలో ఎదురీదినప్పుడే పులస అవుతుంది. అది వచ్చేది గుడ్లు పెట్టడానికే. వేట విరామం జూన్ 14తో ముగుస్తుంది. పులస వచ్చే కాలం ఆ తరువాతనే మొదలవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట ఎగువకు దారి మూసివేయగా, దిగువన దొరికినదానికి వేలం పాటలో వేల రూపాయలు పలుకుతాయి.

ఆంధ్ర తీరం

సుమారు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో జాలరి, వాడబలిజ, పల్లెకారి, అగ్నికులక్షత్రియ మొదలైన కులాలవారు వేటపై ఆధారపడి ఉన్నారు. వీరిలో గంగమ్మ ఆరాధన విస్తృతంగా ఉన్నది. పడవను ఇసుకలో నుండి అలల మీదికి నెట్టడం, ఊరంతా కలసి అలివి వలను ఒడ్డుకు లాగడం ఒకరి వలన అయ్యే పనులు కావు. పట్టిన చేపను పడవకు, వలకు, మనుషులకు వాటాలు వేసి పంచుకొనే పద్ధతి ఉన్నది.

ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చినది. తీరం నుండి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీటిని సంప్రదాయ వేటకు కేటాయించి మరపడవలను దాని అవతలకు పరిమితం చేశారు. నీటిపై గీత కనిపించదు కనుక ఉల్లంఘనలపై తగవులు మామూలే. 2022 జనవరిలో విశాఖపట్నం తీరంలో రింగు వలల విషయమై మత్స్యకార గ్రామాల మధ్యనే ఘర్షణ జరిగి పడవలు తగులబడ్డాయి. చేప తగ్గినకొద్దీ ఒకే కులంలోని వారు కూడా ప్రత్యర్థులు కావడానికి ఇది ఉదాహరణ.

మరపడవలు నిలువగల పెద్ద రేవులు విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వద్ద ఏర్పడగా శ్రీకాకుళం తీరానికి చాలాకాలం అటువంటి సదుపాయం లేకపోయినది. అందువలన అక్కడివారు వేల సంఖ్యలో గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వలసపోయి ఇతరుల పడవలలో కూలికి పనిచేస్తారు. 2018 చివరలో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సరిహద్దు దాటారన్న ఆరోపణపై పాకిస్తాన్ అధికారులకు చిక్కి కరాచీ జైలులో గడిపారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద భారత అధికారులకు అప్పగించబడ్డారు. ఈ సంఘటన ఆధారంగా 2025లో "తండేల్" అను తెలుగు చలనచిత్రం వచ్చినది. తండేల్ అనగా పడవ నడిపే నాయకుడు.

తెలంగాణలో

తెలంగాణకు సముద్రం లేదు. అక్కడ ఈ దినోత్సవాన్ని చెరువులు, జలాశయాలపై ఆధారపడిన గంగపుత్ర, ముదిరాజ్, బెస్త కులాల సహకార సంఘాలు జరుపుకొంటాయి. 2016లో రాష్ట్ర ప్రభుత్వం సంఘాల చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం ప్రారంభించినది. చెరువుపై హక్కు ఏ సంఘానికి చెందుతుంది, అందులో ఎవరికి సభ్యత్వం ఇవ్వాలి అను ప్రశ్నలు ఇక్కడి ప్రధాన వివాదాంశాలు.