చిల్లుల చీట్లు – జనసంఖ్య లెక్కలు

పెద్ద లెక్కను వ్రాయుటకన్న, వ్రాసినదానినుండి కావలసిన పట్టికను త్వరగా పైకి తీయుటయే కష్టమని కరణీకపు దస్తరముల నెఱిగిన మీకు నేను చెప్పనక్కఱలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములకును ఈ చిక్కు కలిగెను. 1880లో అచట ఐదుకోట్ల జనమును లెక్కింపగా, గుమాస్తాలు చేతితో కూడి పట్టికలను ముగించుటకు ఏడెనిమిదేండ్లు పట్టెను. అంతలో మరుసటి లెక్కయే సమీపించెను.

అప్పుడు హెర్మన్ హాలరిత్ అనునాతడు మనిషికొక అట్టచీటి నేర్పఱచి, వయస్సు, వృత్తి మున్నగువానికి తగిన చోట్ల చిల్లులు పొడిపించెను. యంత్రపు సూదులు ఆ చిల్లులగుండ దిగి పాదరసమును తాకగా, విద్యుత్తు ప్రవహించి లెక్కముల్లు ఒక్క అంకె జరుగును. 1890 నాటికి జనము కోటికి పైగా పెరిగినను, పట్టికలు మునుపటికంటె మిక్కిలి త్వరగా తేలెను.

ఒకసారి పొడిచిన చీటియే ఎన్ని ప్రశ్నలకైనను మరల మరల అక్కఱకు వచ్చుటయే ఈ వేగమునకు మూలమని నా తలంపు. వ్రాయునాడే తీయువానిని తలంచుట మేలు.