మరపు - ధారణ

"రాత్రి వచ్చిన పాఠము తెల్లవారేసరికి మరచిపోయానండీ" అనే మాట పామర్రులోనైనా, బందరులోనైనా వినని ఉపాధ్యాయుడు ఉండడు. ఆ పిల్లవానికి జ్ఞాపకశక్తి లేదని మనము తీర్పు చెప్పి ఊరుకుంటాము. ఈ తీర్పు న్యాయమైనదేనా?

మరపును కొలవవచ్చునని మొదట చూపినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్. అర్థములేని అక్షరముల వరుసలను తానే వల్లించి, కొంతకాలము విడిచి, వాటిని మరల నేర్చుకొన్నప్పుడు శ్రమ ఎంత తగ్గినదో లెక్కించాడు. 1885లో ప్రకటించిన ఆ లెక్కల ప్రకారము, గంట తరువాత తగ్గిన శ్రమ నూటికి 44 పాళ్ళు. ఒక దినము తరువాత 34. 31 దినముల తరువాత 21. అనగా మరపు మొదట అతివేగముగా సాగి, పిదప మందగిస్తుంది. మరచిపోవడము పిల్లవాని దోషము కాదు, మనస్సు స్వభావము.

అయితే బైరన్ కవి రచించిన 80 అక్షరముల పద్యము ఇతనికి తొమ్మిది పఠనములలోపే వచ్చింది. అర్థములేని 80 అక్షరములకు 70, 80 పఠనములు కావలెనని అతని అంచనా. అర్థము, ఛందస్సు కలిస్తే శ్రమ సుమారు పదవ వంతుకు తగ్గినదన్నమాట.

ఈ సత్యమునకు మన సీమలోనే గొప్ప నిదర్శనము ఉన్నది. పామర్రు మీదుగా పోయే బాట చేరే బందరులో, హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు (1870-1950) తెలుగు బోధించారు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో (1872-1920) కలిసి, తిరుపతి వేంకటకవులుగా శతావధానములు చేసినవారు ఆయనే. శతావధానములో నూరుగురు పృచ్ఛకులు తలకొక పద్యము కోరతారు. అవధాని మొదటి ఆవృత్తిలో అన్నిటికీ మొదటి పాదము మాత్రమే చెబుతాడు. రెండవ ఆవృత్తిలో రెండవ పాదము. ఒకే పద్యములోని రెండు పాదముల నడుమ 99 పరపద్యముల పాదములు అడ్డు వస్తాయి. నాలుగు ఆవృత్తులు ముగిశాక నూరు పద్యములనూ అప్పచెప్పడమే ధారణ.

ఇందులో ప్రతిభ, సాధన ఉన్నవి; వాటికి తోడు పద్యపు కట్టడము కూడా ఉన్నది. వృత్తములో మొదటి పాదపు ప్రాసాక్షరము తక్కిన మూడింటికీ ఆనవాలు. గణములు, యతి తప్పుమాటను రానీయవు. అంతకన్న ముఖ్యము, అవధానమనగా జ్ఞాపకము కాదు, ఏకాగ్రత. మనస్సు నిలువనిచోట ధారణకు తావులేదని ఆ పేరే చెబుతున్నది.

ఎబింగ్‌హౌస్ మరొకటి కూడా కనుగొన్నాడు. ఒకేనాడు 68 సార్లు వల్లించిన ఫలితము, మూడు దినములకు పంచి 38 సార్లు వల్లిస్తేనే లభించింది. పరీక్ష ముందటి రాత్రి మేలుకొనే విద్యార్థి గమనింపవలసిన లెక్క ఇది.

కాబట్టి పిల్లవానికి జ్ఞాపకశక్తి లేదనే ముందు, పాఠము అర్థమైనదా, మూడునాళ్ళలో మరల చదివినాడా అని అడుగుదాము.