కచ్చాకుట్ల కారు

ఇంట్లో ఆవకాయ పెట్టుకుంటాం, జాకెట్లు కుట్టుకుంటాం, ఓపిక వుంటే స్వెట్టరూ అల్లుకుంటాం. కారు మాత్రం ఎవరైనా ఇంట్లో చేసుకుంటారా?

చేసుకుంటారు! రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన దగ్గర్నుంచీ ఇంగ్లండులో వేలాదిమంది చేసుకున్నారు. ఇప్పటికీ చేసుకుంటున్నారు. దాన్ని 'కిట్ కారు' అంటారు. చాసిస్ ఒకటి, పెట్టెల నిండా సామాను, గడ్డీ కాగితాలూ చుట్టిన బాడీ ముక్కలూ ఇంటికి వస్తాయి. ఇంజనూ గేరుబాక్సూ చాలావరకు ఏదో పాత కారులోంచి వూడదీసినవే. ఆదివారాలూ, ఆఫీసు అయ్యాక సాయంత్రాలూ ఆ ఇంటాయన షెడ్డులో కూర్చుని అన్నీ బిగించుకుంటాడు.

ఈ పిచ్చికి మూలం ఏమిటనుకున్నారు? సరదా తరవాత వచ్చింది. ముందు వచ్చింది పన్ను.

1940 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం 'పర్చేజ్ టాక్స్' అని ఒకటి పెట్టింది. యుద్ధకాలం గనక జనం సరే అన్నారు. యుద్ధం పోయింది గాని పన్ను పోలేదు. వచ్చిన చుట్టం తొందరగా వెళ్ళినా, వచ్చిన పన్ను వెళ్ళదు కదా! 1951లో కార్ల మీద ఈ పన్ను టోకు ధరలో మూడింట రెండు వంతులకు ఎక్కింది. టోకు ధర 600 పౌండ్లయితే మరో 400 పౌండ్లు సర్కారుకి సమర్పించాలన్నమాట. అయితే చట్టంలో చిన్న కంత ఒకటి వుంది. ఆ పన్ను తయారైన కారుకే గాని విడి సామానుకి లేదు. కారు కారుగా కొంటే పన్ను, ముక్కలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పన్ను లేదు.

ఈ కంతలోంచి అందరికన్నా చులాగ్గా దూరినవాడు కోలిన్ చాప్‌మన్. 'లోటస్' కార్ల కంపెనీ స్థాపకుడు. ముక్కలతో పాటు బిగించే విధానం రాసిన కాగితం ఇవ్వకూడదని షరతు వుండేదట. అందుకని ఆయన కారును విప్పే విధానం రాసి ఇచ్చి, దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకోమన్నాడని కిట్ కార్ల లోకంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

చాప్‌మన్ తెలివితేటల గురించి చాలానే రాశారు. ఆ తెలివితేటలకి నీడ ఇచ్చిన షెడ్డు ఎవరిదో అడిగిన వాళ్ళు తక్కువ. 1948లో, ఇంకా కాలేజీ కుర్రాడిగా వున్న రోజుల్లో, ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారు విప్పి, ప్లైవుడ్డూ అల్యూమినియం రేకూ కలిసిన పలకలతో కొత్త బాడీ కట్టాడు. అదే మొట్టమొదటి లోటస్. కట్టిన చోటు ఉత్తర లండన్లోని మస్వెల్ హిల్‌లో, ఆయన స్నేహితురాలు హేజెల్ విలియమ్స్ తల్లిదండ్రుల ఇంటి వెనుక షెడ్డు. 1952లో కంపెనీ పెట్టినప్పుడు పెట్టుబడి 25 పౌండ్లు. అప్పిచ్చింది హేజెల్! చాప్‌మన్ తండ్రి హార్న్సీలో రైల్వే హోటల్ నడిపేవాడు. దాని వెనక వున్న పాత గుర్రాలసాల మొదటి ఫ్యాక్టరీ. 1954లో హేజెల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. షెడ్డూ ఆమె ఇంటిదే, డబ్బూ ఆమెదే. ఆయన 1982లో పోయాడు, ఆమె 2021 దాకా వుంది. కార్ల చరిత్రల్లో ఆమెకు దక్కేది మాత్రం సాధారణంగా ఒకటో రెండో వాక్యాలు.

1957లో 'లోటస్ సెవెన్' వచ్చింది. తలుపులు లేవు, సుఖం లేదు, బరువు లేదు. 1972 వరకూ సుమారు 2500 తయారయ్యాయి. అందులో చాలా భాగం కిట్లుగానే ఇళ్ళకు చేరాయి.

సరే, అసలు కథకి వద్దాం. కిట్ కారులో ఏది కష్టం? ఇంజను బిగించడం అనుకుంటాం. కాదు. ఇంజనుకి ఎక్కడ బోల్టు వెయ్యాలో ఆ బెజ్జాలు ఫ్యాక్టరీలోనే నిర్ణయమై వుంటాయి. ఎంత మొండిదైనా తన చోట తాను కూర్చుంటుంది. కష్టమంతా పైతొడుగుది. బానెట్టూ, మడ్‌గార్డులూ, తలుపులూ, డిక్కీ మూతా ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చోవాలి. చాలా కిట్లలో వాటికి బెజ్జాలు వుండవు. వుంటే కలవవు.

ఎందుకు కలవవో తెలియాలంటే అవి ఎలా పుడతాయో తెలియాలి. మన అమ్మమ్మలు పాత కాగితాలు నానబెట్టి, మెంతిపిండి కలిపి రుబ్బి, ఆ గుజ్జు బోర్లించిన బిందెకి అద్ది, ఆరాక ఊడదీసి బుట్టలు చేసేవారు గుర్తుందా? ఫైబర్‌గ్లాస్ బాడీ సరిగ్గా ఆ బుట్టకి చెల్లెలే. తేడా అల్లా, బిందె బయట అద్దకుండా అచ్చు లోపల అద్దుతారు. ముందు అచ్చుకి మైనం రాస్తారు, దాని మీద రంగుపూత, ఆపైన గాజు నారతో చేసిన చాపముక్కలు పరిచి, జిగురులాంటి రెజిన్‌తో తడుపుతారు. గట్టిపడ్డాక ఊడదీస్తారు. కోట్ల ఖరీదు చేసే ప్రెస్సు మిషన్లు అక్కర్లేదు. ఒక అచ్చూ, ఒక షెడ్డూ, ఇద్దరు మనుషులూ వుంటే చాలు. ఈ కిటుకు అమెరికాలో పడవలు చేసేవాళ్ళు ముందు పట్టారు. బిల్ ట్రిట్ అనే పడవల ఆయన 1950ల మొదట్లోనే 'గ్లాస్‌పార్ జి-2' అనే కారు బాడీలు అమ్మాడు. షెవర్లే కంపెనీ 1953లో ఫైబర్‌గ్లాస్ బాడీతోనే కార్వెట్ తెచ్చింది. మన దేశంలోనూ ఆ జాతి కారు తిరిగింది. 1982లో బెంగుళూరులో సిపానీ వారు తెచ్చిన డాల్ఫిన్ గుర్తుందేమో, ఇంగ్లండులోని రిలయంట్ కిటెన్‌కి అది మన దేశపు రూపం.

ఇంగ్లండులో 1922 నుంచి 1939 దాకా దాదాపు 2,90,000 ఆస్టిన్ సెవెన్లు తయారయ్యాయి. యుద్ధం తరవాత ఆ ముసలి కార్లు కారుచౌకగా దొరికేవి. కుళ్ళిన రేకు బాడీ తీసి పారేసి, నిగనిగలాడే ఫైబర్‌గ్లాస్ చొక్కా తొడిగితే స్పోర్ట్స్ కారు సిద్ధం! కనీసం ప్రకటనల్లో.

తొడగబోయేసరికి తెలిసేది తంటా. అచ్చులో పూర్తిగా గట్టిపడక ముందే ఊడదీసిన ముక్క వంకర తిరుగుతుంది. గోడకి నిలబెట్టి వదిలేసినా వంగుతుంది. కుడి మడ్‌గార్డుకీ ఎడమ మడ్‌గార్డుకీ వేలెడు తేడా వుండొచ్చు. కింద వున్న చాసిస్ మాత్రం నిక్కచ్చిగా వుందా అంటే, దానికీ తన వయసు, తన వంపులు! వంకర చాసిస్ మీద వంకర బాడీ పెట్టి చూసేవాడికి తిన్నగా కనిపించేట్టు చెయ్యాలి.

ఇక్కడే జాకెట్టు కుట్టిన చేతికి తెలిసిన విద్య పనికొస్తుంది. కొత్తగా చేతులు ఎక్కించేవాళ్ళు చంక దగ్గర మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ వస్తారు. చివరికి అంగుళం గుడ్డ మిగిలిపోతుంది. పని తెలిసిన దర్జీ ముందు భుజం మీద మధ్య గుర్తు కలిపి పిన్ను పెట్టి, అక్కడినుంచి అటూ ఇటూ సర్దుకుంటూ, కచ్చాకుట్టు వేసి, తొడిగి చూసి, అప్పుడు మిషను మీద పెడతాడు. కారు బాడీకీ ఇదే న్యాయం. ఒక మూల బోల్టు బిగించి వరసగా వెళ్ళిపోతే తప్పులన్నీ ఆఖరి మూలకి చేరి అక్కడ పళ్ళికిలిస్తాయి. అందుకే పనిమంతుడు దేన్నీ ముందు బిగించడు. బాడీని చాసిస్ మీద ఊరికే పెడతాడు. చక్రాలు తగిలించి, మడ్‌గార్డు వంపులో అవి నడిమధ్యకి వచ్చాయా లేదా చూస్తాడు. బానెట్టు, తలుపులు, డిక్కీ మూత అన్నీ టేపుతోనూ క్లాంపులతోనూ నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూస్తాడు. మళ్ళీ జరుపుతాడు, మళ్ళీ చూస్తాడు. ఇలా వారాలు గడుస్తాయి. కారు మాత్రం అంగుళం కదిలినట్టు ఇంట్లోవాళ్ళకి కనిపించదు!

తలుపు చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్ల సందు వదలాలి. ఆ సందు ఎంత అన్నది కన్ను పట్టించుకోదు. పైన సన్నగా, కింద వెడల్పుగా వుంటే మాత్రం వెంటనే పట్టేస్తుంది. కుచ్చిళ్ళ కింద అంచు ఒక పక్క ఎగుడైతే వీధి చివరినుంచీ కనిపించదూ, అలాగే. ఇంకో రహస్యం ఏమిటంటే, కారును జాకీల మీద ఎత్తి వుంచి తలుపు సరిచెయ్యకూడదు. చక్రాల మీద నిలబెట్టి, దాని బరువు అది మోస్తూ వుండగా సరిచెయ్యాలి. లేకపోతే దించిన రోజున చాసిస్ రవ్వంత వంగి, వానాకాలంలో మన వంటింటి తలుపులా బిగుసుకుపోతుంది.

అన్నీ కుదిరాక బెజ్జం. డ్రిల్లు మొన జారి పూత పెచ్చు లేవకుండా పైన టేపు అంటిస్తారు. నునుపు వైపు నుంచి, నెమ్మదిగా తొలుస్తారు. బెజ్జం బోల్టుకన్నా కాస్త పెద్దదే చెయ్యాలి, తరవాత జరుపుకోడానికి వీలుగా. కింద వెడల్పాటి వాషరు, బాడీకీ ఇనుముకీ మధ్య రబ్బరు పట్టీ. ఇంక బోల్టు బిగించడంలో మగతనం చూపించకూడదు! ఫైబర్‌గ్లాస్ సొట్టపడదు, పగులుతుంది. ఇవాళ అతిగా బిగిస్తే కొన్ని నెలల తరవాత పూత మీద సాలెగూడులా సన్నని బీటలు విచ్చుకుంటాయి. అల్యూమినియం రేకు అయితే రివెట్లు కొడతారు. అల్యూమినియానికీ ఇనుముకీ తడి తగిలితే పడదు, రేకు తినేస్తుంది. అందుకని నడుమ సీలింగు పూస్తారు.

ఈ పనుల్లో ఒంటిచేత్తో అయ్యేవి తక్కువ. ఒకరు లోపల పడుకుని ముక్కను పైకెత్తి పట్టాలి, ఒకరు బయట గీత గియ్యాలి. ఆ రెండో మనిషి ఎవరు? రాత్రి తొమ్మిదింటికి స్నేహితులు రారు. గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటున్న ఇల్లాలే! 'ఇంకొంచెం ఎడమకి, ఆగు, ఆగు' అని ఆజ్ఞలు. పైగా రెజిన్‌కి చలి గిట్టదు. పదిహేను డిగ్రీల సెంటీగ్రేడుకి దిగువన సరిగా గట్టిపడదు. ఇంగ్లండు చలికాలంలో షెడ్డు ఎలా వుంటుందో ఊహించుకోండి. ముక్కల్ని ఇంట్లో హీటరు దగ్గరికి చేర్చాలన్న ఆశ పుడితే తప్పుపట్టలేం. ఘాటైన ఆ వాసన మధ్య అన్నం తినాల్సిన వాళ్ళని మాత్రం తలుచుకోవాలి. ఎన్నో కిట్లు సరిగ్గా ఈ బాడీ దశలోనే ఆగిపోయి, 'సగం పూర్తయిన కారు అమ్మబడును' అనే ప్రకటనగా మారాయి. కారుకి పెట్టిన డబ్బు కుటుంబానిది. షెడ్డులో ఇరుక్కున్నది ఆ డబ్బే.

తంటా తప్పించే ఉపాయం కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ కనిపెట్టాడు. ఈయనా పడవల మనిషే. 1964లో 'మేయర్స్ మాంక్స్' చేశాడు. ఫోక్స్‌వాగన్ బీటిల్ అడుగుభాగాన్ని కోసి పొట్టి చేసి, దాని మీద తొట్టెలాంటి బాడీ బోర్లా పడకుండా కూర్చోబెట్టడమే. తలుపులు లేవు. తలుపులే లేకపోతే ఇక సందులెక్కడ, సరిచేసుకోడమెక్కడ? 1967 నవంబరులో మెక్సికోలో జరిగిన ఎడారి పందెంలో ఒక మాంక్స్ గెలిచేసరికి గిరాకీ పెరిగిపోయింది. ఆయన ఆరువేల దాకా కిట్లు అమ్మాడు. కానీ అచ్చు విద్యలో వున్న చిక్కే అది. ఒక బాడీ కొని దాని మీదే అచ్చు తీసుకుంటే మీరూ కంపెనీ పెట్టొచ్చు! పక్కింటావిడ జాకెట్టు అడిగి పట్టుకెళ్ళి కొలతలు దించుకున్నట్టు ఎందరో దించుకున్నారు. మేయర్స్ కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. 1970ల మొదట్లో కంపెనీ మూతబడింది.

ఇంగ్లండులో 1960లో పదేళ్ళు దాటిన కార్లకి తప్పనిసరి పరీక్ష వచ్చి ముసలి చాసిస్‌ల నడుం విరిచింది. 1973 ఏప్రిల్ ఒకటిన పర్చేజ్ టాక్స్ పోయి 'వాట్' వచ్చింది. ఆ పన్ను కిట్లకీ పడింది. మూలకారణమే పోయింది గనక కిట్ కార్లూ పోతాయన్నారు. పోలేదు. లోటస్ వదిలేసిన సెవెన్‌ని అదే ఏడాది కేటర్‌హామ్ వారు అందుకున్నారు. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఆయన 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని పుస్తకం రాస్తే, చాసిస్ గొట్టాలు కూడా సొంతంగా అతికించుకునేవాళ్ళు బయల్దేరారు.

ఇప్పుడు ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ప్రభుత్వ పరీక్ష నెగ్గాలి. 1998లో ఒక పరీక్ష పెట్టారు, 2009లో దాన్ని మరింత బిగించారు. పరీక్షాధికారి దగ్గర నూరు మిల్లీమీటర్ల బంతి ఒకటి వుంటుంది. బాడీ మీద ఆ బంతి తగిలే అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం తిరిగి వుండాలి, దారినపోయేవాళ్ళకి గీసుకోకుండా. అందుకని బాడీ అంచులకి, మనం జాకెట్టు మెడకి పైపింగు వేసినట్టు, రబ్బరు పట్టీ తొడుగుతారు. పరీక్ష నెగ్గిన మర్నాడే, అందం చెడుతోందని దాన్ని పీకి అవతల పెట్టే మహానుభావులూ లేకపోలేదు.