కిరందుల్ కాల్పులు: బైలడిలా చెప్పే పాఠం

దంతెవాడ ప్రాంతంలోని బైలడిలా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరందుల్ రైలు మార్గంలో విశాఖ రేవుకు చేరి, అక్కడి నుంచి జపాన్ ఉక్కు కర్మాగారాలకు తరలేది. గనుల్లో యంత్రాలు ప్రవేశించడంతో గుత్తేదార్ల కింద పనిచేసే వేలాది కూలీలకు ఉపాధి పోయింది. 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో ఆందోళనకు దిగిన కార్మికులపై పోలీసులు తుపాకులు ఎక్కుపెట్టారు. ప్రాణాలు పోయాయి, గుడిసెలు కాలి బూడిదయ్యాయి.

అంతకు పది నెలల ముందే దల్లీ రాజహరా గనుల్లో కాల్పులకు 11 మంది బలయ్యారు. ఎమర్జెన్సీని ఓడించి కేంద్రంలో గద్దెనెక్కిన జనతా ప్రభుత్వ హయాంలోనే ఈ రెండూ జరిగాయి. పాలకులు మారినా తుపాకీ గురి మారలేదు.

ఖనిజం సముద్రాలు దాటినప్పుడు సంఘీభావమూ దాటాలి. దానిని తవ్విన చేతులకు ఏమైందని అడగవలసిన బాధ్యత కొనుగోలుదారు దేశపు కార్మికుడికీ ఉంది, సరుకును ఓడకెత్తిన విశాఖకూ ఉంది.