జనవరి ఆరు దాకా నక్షత్రం దించకండి



ఇంకా అక్టోబరు నెలే. పత్తి తీతలు ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి. "అప్పుడే క్రిస్మస్ మాటేంటి అయ్యగారూ, గుడికి సున్నం వేయడానికి డిసెంబరు మొదటి వారం చాలదా?" అని మొన్న కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. సున్నానికి డిసెంబరు చాలు. రంగు కాగితాలకూ, క్యారల్స్‌కూ చాలు. కానీ ఈ ఏడు మనం ముందుగా సిద్ధం చేసుకోవలసింది వేరే ఉంది. దాని గురించి చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

పోయిన క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధనలో బల్లలు చాలా ఖాళీగా కనిపించాయి. నాకు బాధేసింది. ఆ బాధలో ఒక మాట అనేశాను. "ఉద్యోగాలు వచ్చాక మన పిల్లలకు గుడి గుర్తు రావడం లేదు. ప్రభువు పుట్టిన రోజుకు కూడా రాలేనంత పని ఏముంటుంది?" అన్నాను. చాలామంది తలలూపారు. ఆరాధన అయ్యాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పింది: "మా అమ్మాయికి రాత్రి డ్యూటీ పడిందయ్యగారూ. మూడున్నరకు పని అయిపోయి ఫోను చేసింది. ఇక్కడి పాటలు వినిపించమంటే ఫోను పట్టుకుని కూర్చున్నాను. మీ ప్రసంగం కూడా విన్నది."

ఆమె కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు. ఆ అమ్మాయికి ఫోను చేసి క్షమించమని అడిగాను. "పర్లేదయ్యగారూ" అన్నది. ఆ తరువాత నెలల్లో, సంఘ చరిత్రలో క్రిస్మస్ సిద్ధపాటు ఎలా మొదలైందో మళ్లీ కూర్చుని చదివాను. సెమినరీలో పరీక్ష కోసం చదివిన విషయాలే. ఈసారి ఆ అమ్మాయి కోసం చదివాను.

ముందు ఆమె పని సంగతి తెలుసుకుందాం. హైదరాబాదులో మాదాపూర్ ఒకప్పుడు బండరాళ్ల మధ్య ఒక పల్లె. అక్కడ కట్టిన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ అనే పేరు అలా మన ఇళ్లలోకి వచ్చింది. తరువాత కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా ఆ ఆఫీసులు పాకాయి. మన పిల్లలు లింగంపల్లిలో రైలు దిగి అక్కడి హాస్టళ్లలో చేరారు. అక్కడి పని చాలావరకు అమెరికా గడియారాన్ని బట్టి నడుస్తుంది. న్యూయార్కులో డిసెంబరు 24 ఉదయం 9 గంటలంటే మనకు రాత్రి 7:30. అక్కడ సాయంత్రం 5 అంటే మనకు 25వ తేదీ తెల్లవారుజామున 3:30. అంటే వాళ్లకు పండుగ ముందటి పని దినం ముగిసేసరికి, ఇక్కడ మనం గుడి గంట కొట్టడానికి లేస్తున్నాం. అక్కడివాళ్లు సెలవు మీద వెళ్లినా, నడుస్తున్న కంప్యూటర్లను ఎవరో ఒకరు కాయాలి. ఆ కాపలా మన పిల్లలకు పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 25, 26 రెండు రోజులూ సెలవు ఇస్తుంది. కానీ ప్రభుత్వ సెలవుల పట్టిక వేరు, కంపెనీల పట్టిక వేరు.

ఇక చరిత్రకు వద్దాం. మొదటి రెండు మూడు వందల ఏళ్లు సంఘం క్రిస్మస్ పండుగ చేసినట్టు కనిపించదు. వాళ్లకు పునరుత్థానమే పెద్ద పండుగ. రోమాలో 336 నాటికి డిసెంబరు 25ను క్రీస్తు జన్మదినంగా లెక్కించినట్టు ఒక పాత పట్టికలో ఉంది. పండుగ స్థిరపడగానే దానికి సిద్ధపాటూ వచ్చింది. 380లో స్పెయిన్‌లోని సరగోసా పట్టణంలో బిషప్పులు సభ కూడి ఒక నియమం పెట్టారు. డిసెంబరు 17 నుండి జనవరి 6 వరకు 21 రోజులు ఎవరూ గుడికి రాకుండా ఉండకూడదు. ఇళ్లలో దాగి ఉండకూడదు, పొలాల దగ్గరి బంగళాల్లో ఉండిపోకూడదు, కొండలకు వెళ్లిపోకూడదు. సంఘంగా కూడుకోవాలి.

ఈ నియమంలో రెండు సంగతులు చూడండి. ఒకటి, అలంకరణ గురించి గానీ విందు గురించి గానీ అందులో మాట లేదు. ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అన్నదే వాళ్ల ఆలోచన. రెండు, వాళ్లు లెక్కపెట్టింది ఒక్క రోజు కాదు, 21 రోజులు. 25వ తేదీ ఆ రోజుల మధ్యలో ఉంది, చివర లేదు.

అయిదో శతాబ్దంలో ఫ్రాన్సులోని టూర్ పట్టణంలో బిషప్ పెర్పెట్యుస్ నవంబరు 11 నుండి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం పెట్టారు. కాలం గడిచాక పాశ్చాత్య సంఘంలో అది నాలుగు ఆదివారాలకు కుదిరింది. దాన్నే మనం ఆగమన కాలం, అడ్వెంట్ అంటున్నాం. నవంబరు 27 మొదలు డిసెంబరు 3 లోపు వచ్చే ఆదివారం దాని మొదటి ఆదివారం. ఆనాడు అది విందుల కాలం కాదు, కడుపు కట్టుకుని ఎదురుచూసే కాలం. మనకు డిసెంబరు నెలంతా కేకులే. అది తప్పని నేననను. కానీ దాని మొదలు ఎక్కడుందో తెలిసి ఉండాలి.

మన గుడి బలిపీఠం పక్కన వారానికొకటి వెలిగించే నాలుగు కొవ్వొత్తుల సంగతి మీలో చాలామందికి తెలియదు. జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే దైవజనుడు 1833లో పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టారు. ఇల్లూ వాకిలీ సరిగా లేని పిల్లలు వాళ్లు. డిసెంబరు వచ్చిందంటే "క్రిస్మస్ ఎప్పుడయ్యా?" అని రోజూ అడిగేవారట. 1839లో ఆయన పాత బండి చక్రం ఒకటి తీసుకుని దాని చుట్టూ కొవ్వొత్తులు నిలబెట్టారు. ఆదివారాలకు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగిస్తే ఇంకా ఎన్ని రోజులున్నాయో పిల్లలకు కంటికి కనబడుతుంది. అంటే అడ్వెంట్ కొవ్వొత్తి మొదట వెలిగింది పండుగకు వెళ్లడానికి ఇల్లు లేని పిల్లల కోసం.

మన నేల మీద కూడా ఇలాంటి సాక్ష్యాలే ఉన్నాయి. హైటెక్ సిటీకి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో మెదక్ కెథడ్రల్ ఉంది. చాలామంది చూసే ఉంటారు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో దాని పని మొదలుపెట్టారు. అవి యుద్ధపు రోజులు, పైగా కరువు. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే పిడికెడు గింజలు పెట్టి పంపకుండా, గుడి కట్టే పని ఇచ్చి తిండి పెట్టారు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ఆ గుడిని ప్రతిష్ఠించారు. ఒక్క క్రిస్మస్ ఉదయం కోసం పదేళ్ల సిద్ధపాటు, అదీ ఆకలిగొన్నవాళ్ల చేతులతో. ఆ పదేళ్లలో పూట గడిచిన ప్రతి కుటుంబమూ ఆ పండుగలో భాగమే.

రెండోది మనకింకా దగ్గరిది, మన డోర్నకల్. బిషప్ వేదనాయగం సామ్యుల్ అజరయ్య గారు తమిళులు. తిరునల్వేలి నేలలో పుట్టి, 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. మన తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న, క్రిస్మస్ వెళ్లిన నాలుగో రోజున, కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. పుట్టిన ఊరు వదిలి, పరాయి భాష మధ్య పని చేస్తూ పండుగలు గడిపిన మనిషి. ఆయన ఏళ్ల తరబడి కట్టించిన కెథడ్రల్‌ను ప్రతిష్ఠించిన తేదీ చూడండి: 1939 జనవరి 6. దాని పేరు ఎపిఫనీ కెథడ్రల్. ఎపిఫనీ అంటే ప్రత్యక్షతా పండుగ, జ్ఞానులు వచ్చి శిశువును చూసిన సంగతిని తలచుకునే రోజు. మెదక్ గుడి ప్రతిష్ఠ డిసెంబరు 25న, డోర్నకల్ గుడి ప్రతిష్ఠ జనవరి 6న. సరగోసా పెద్దలు చెప్పిన 21 రోజుల్లో ఇవి రెండూ ఉన్నాయి.

ప్రియులారా, వాక్యం దగ్గరకు రండి. లూకా రెండో అధ్యాయంలో యోసేపు మరియ ప్రయాణం చేసింది ఎందుకు? చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది కాబట్టి. ఎప్పుడు బయలుదేరాలన్నది వాళ్ల చేతిలో లేదు. అదే రాత్రి శుభవార్త మొదట విన్నది ఎవరు? రాత్రివేళ మంద కాస్తున్నవాళ్లు. రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లే! పనిలో ఉన్నారని దేవుడు వాళ్లను తప్పుపట్టలేదు. వాళ్ల పని దగ్గరకే దూతను పంపాడు. ఇక మత్తయి రెండో అధ్యాయంలోని జ్ఞానులు? దూరదేశం నుండి ఆలస్యంగా వచ్చారు. వాళ్లు వచ్చేసరికి నక్షత్రం ఆరిపోలేదు. ఇంటి దాకా దారి చూపించింది.

మరి మనం ఏం చేస్తాం? 26వ తేదీ సాయంత్రానికి వెదురు గడ దించి, నక్షత్రం విప్పి, కాగితాలు మడతపెట్టి బీరువాలో పెట్టేస్తాం. 28న సెలవు దొరికి వచ్చిన బిడ్డకు చీకటి గుడి కనిపిస్తుంది. పండుగ అయిపోయింది అంటాం. ఎవరికి అయిపోయింది?

అందుకే కమిటీ పెద్దలతో, స్త్రీల మైత్రితో, యవ్వనస్థులతో మాట్లాడి ఈ ఏడు ఇలా సిద్ధపడదాం అనుకున్నాం.

ఈ నెలలోనే ప్రతి ఇంటి నుండి పేర్లు రాసుకుంటాం. 25కి తప్పక వచ్చేవాళ్లు, 25 తరువాత రాగలిగేవాళ్లు, ఈసారికి రాలేనివాళ్లు. మూడో వరసలో పేరున్నవాళ్లు సిగ్గుపడనక్కర లేదు. వాళ్ల కోసమే ముందుగా ప్రార్థిస్తాం.

రైలు సంగతి కూడా చెప్పాలి. ఇంతకు ముందు 120 రోజుల ముందు టికెట్ తీసుకునేవాళ్లం. 2024 నవంబరు 1 నుండి దాన్ని 60 రోజులకు తగ్గించారు. అంటే డిసెంబరు 24న బయలుదేరే రైలుకు అక్టోబరు 25 ఉదయం 8 గంటలకు టికెట్లు తెరుస్తారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తేదీ రాసుకోండి. ఆఫీసులో డిసెంబరు డ్యూటీల పట్టిక వేయకముందే సెలవు అడగండి. తల్లిదండ్రులకు ఒక మాట: పిల్లలకు ఫోను చేసి "వస్తున్నావా లేదా" అని గద్దించకండి. "నీకు ఎప్పుడు వీలవుతుంది" అని అడగండి.

మాదాపూర్, కొండాపూర్ వైపు ఉన్న మన పిల్లలు డిసెంబరు మొదట్లో సెమీ క్రిస్మస్ చేసుకుంటామంటే, "సగం క్రిస్మస్ ఏంటి" అని నేనే ఎగతాళి చేశాను. ఇక చేయను. ఊరికి రాలేనివాళ్లు ఒకచోట కూడుకోవడం సరగోసా పెద్దలు కోరినదే. ఈసారి ఆ కూడికకు నేనూ, ఇద్దరు పెద్దలూ వెళ్తాం. అమ్మలు చేసిన అరిసెలు డబ్బాల్లో తీసుకెళ్తాం.

తెల్లవారుజాము ఆరాధనలో ఆ రాత్రి పని చేస్తున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చదివి ప్రార్థిస్తాం. డాక్టర్లు, నర్సులు, కరెంటు ఆఫీసువాళ్లు, బస్సు డ్రైవర్లు, కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు. ఆ తల్లి ఈసారి వెనక వరసలో కాదు, ముందు వరసలో ఫోను పట్టుకుని కూర్చోవాలని నా కోరిక.

చివరిది, ప్రేమవిందు. 25న ఒకటి ఉంటుంది. జనవరి మొదటి ఆదివారం ఇంకొకటి వండుతాం. ఖర్చు ఎక్కువవుతుందని అనుకోకండి. మొదటి విందులో ఒక కూర తగ్గిద్దాం. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మిగిలింది పెట్టడం కాదు, వాళ్ల కోసం పొయ్యి వెలిగించడం కావాలి.

నక్షత్రం మాత్రం జనవరి 6 దాకా దించకండి. కరెంటు బిల్లు నేను కడతాను.

పరలోక తండ్రీ, మేము కూర్చోలేని చోట కూర్చుని పని చేస్తున్న మా బిడ్డలను కాపాడు. వాళ్లను గద్దించిన నా నోటిని క్షమించు. వాళ్లు ఏ రోజు వచ్చినా అదే వాళ్లకు పండుగ రోజయ్యేలా మా సంఘాన్ని సిద్ధపరచు. యేసు నామంలో వేడుకుంటున్నాం. ఆమేన్.