ఆముదం నుంచి సింథటిక్ దాకా: ఒక పాత కారు నూనె కథ

‘నూనె’ అనే మాటను విడదీస్తే అందులో నువ్వు, నెయ్యి కనిపిస్తాయి. నువ్వుల నుంచి తీసిన నెయ్యి నూనె. సంస్కృతంలోని ‘తైలం’ కూడా అంతే. తిలల నుంచి పుట్టింది కనుక తైలం. వ్యుత్పత్తినే పట్టుకొని కూర్చుంటే ‘కొబ్బరినూనె’ అనడం తప్పవుతుంది. కానీ లోకం అలా ఒప్పుకోదు. యౌగికార్థం మరుగున పడి రూఢ్యర్థం నిలిచింది. అర్థవిపరిణామం పాఠం చెప్పిన ప్రతి సంవత్సరమూ తరగతిలో ఈ ఉదాహరణనే ఇచ్చాను. అది ఒక కారు ఇంజిను విషయంలో అక్కరకు వస్తుందని ఏనాడూ ఊహించలేదు.

ఇంగ్లండులో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు 1972 నాటి ఎంజీబీ కారు కొన్నాడు. అబింగ్‌డన్ పట్టణంలో 1962 నుంచి 1980 వరకు తయారైన స్పోర్ట్సు కారు అది. రకాలన్నీ కలిపి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. నాలుగు సిలిండర్లు, 1798 సీసీ ఇంజిను. మావాడు ఆ ఇంజినును విప్పించి, కొత్త క్యామ్‌షాఫ్టు, కొత్త ట్యాపెట్లు వేయించాడు. ఆపైన బజారులో అన్నిటికంటె ఖరీదైనదీ, అన్నిటికంటె కొత్త ప్రమాణం కలదీ అయిన 0డబ్ల్యు-20 ‘ఫుల్లీ సింథటిక్’ ఆయిల్ తెచ్చి పోశాడు. కొన్ని వారాలకే ఇంజిను టకటకలాడింది. మళ్ళీ విప్పితే కొత్త క్యామ్‌షాఫ్టు ముక్కులు అరిగిపోయి ఉన్నాయి. “మాస్టారూ, అన్నిటికన్నా మంచి నూనె పోస్తే ఇంజిను ఎందుకు చెడింది?” అని వాపోయాడు.

నాకు యంత్రశాస్త్రం రాదు. కానీ వాడి ప్రశ్నలో ‘మంచి’ అన్న విశేషణం నన్ను పట్టుకొంది. ఎవరికి మంచి? దేనికి మంచి? ఆ మాట వెంట పోతే ఈ చరిత్ర దొరికింది.

కథ మన ఆముదంతోనే మొదలవుతుంది. చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయుడు 1899లో లండనులో కందెన నూనెల వ్యాపారం పెట్టాడు. 1909లో మోటారు కార్లకూ, అప్పుడే రెక్కలు విప్పుతున్న విమానాలకూ పనికివచ్చేలా ఆముదం కలిపిన ఒక నూనెను విడుదల చేశాడు. ఆముదానికి ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అని పేరు. అందులోంచి పుట్టిన పేరే క్యాస్ట్రాల్.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆముదం ప్రాముఖ్యం మరీ పెరిగింది. నోమ్, ల రోన్ వంటి ఆనాటి విమాన ఇంజిన్లలో సిలిండర్లన్నీ పంఖాతో పాటు గిరగిర తిరిగేవి. పెట్రోలు కలిసిన గాలి ఇంజిను కడుపులోంచే సిలిండర్లలోకి పోయేది. ఖనిజనూనె పోస్తే పెట్రోలులో కరిగి పలచబడుతుంది. ఆముదం పెట్రోలులో అంత సులువుగా కలవదు. అందుచేత ఆముదమే పోసేవారు. వాడిన నూనె తిరిగి తొట్టిలోకి రాదు. పొగతో పాటు బయటకు చిమ్మి విమానచోదకుని ముఖాన పడేది. దానిని పీల్చి, మింగి, వారు పడ్డ ఉదరబాధలను మన అమ్మమ్మల చేతి ఆముదం తాగిన వారెవరైనా ఊహించగలరు. యుద్ధకాలంలో ఆముదానికి కొరత వచ్చినప్పుడు 1918లో అమెరికా ప్రభుత్వం ఫ్లోరిడా ప్రాంతంలో దానిని సాగుచేయించింది. విత్తనాలు భారతదేశం నుంచే వెళ్ళాయి. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనం ఎగతాళి చేస్తాం గాని, ఆ నాలుగేళ్ళూ అది నిజంగానే మహావృక్షం.

అయితే ఆముదానికి ఒక దోషం ఉంది. అధికమైన వేడికి అది జిగురు కట్టి లోహానికి అట్టలా పట్టుకొంటుంది. రోడ్డు మీద నిత్యం తిరిగే కార్లకు అది కుదరలేదు. అక్కడ ఖనిజనూనె నిలిచింది.

ఖనిజనూనె చిక్కదనానికి కొలత కావాలి కదా. అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం 1911లో ఆ కొలతలకు తొలి రూపం ఇచ్చింది. ఈనాడు డబ్బా మీద కనిపించే అంకెలు దాని సంతానమే. 20డబ్ల్యు-50 అన్నప్పుడు ‘డబ్ల్యు’ వింటర్, అంటే శీతకాలం. ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది. వెనుకనున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఆ వేడిలో ‘50’ నూనె స్నిగ్ధత 16.3కు తగ్గరాదు. ‘20’ నూనెకు అది 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల లోపే. అంటే మావాడు పోసిన నూనె, ఆ కారుకు సంప్రదాయంగా పోసే 20డబ్ల్యు-50తో పోలిస్తే ఇంచుమించు సగం చిక్కదనమే కలది.

ఇది మొదటి పొరపాటు. రెండవది కంటికి కనిపించదు.

1940ల నుంచి నూనెలలో జింకు, భాస్వరం, గంధకం కలిసిన ఒక ద్రవ్యాన్ని కలుపుతున్నారు. నిపుణులు దానిని జెడ్‌డీడీపీ అంటారు. మొదట బేరింగులు తినిపోకుండా వేశారు. తరువాత దాని అసలు గుణం బయటపడింది. రెండు లోహాలు గట్టిగా ఒరుసుకొనే చోట, ఆ ఒత్తిడికీ వేడికీ అది విరిగి, గాజువంటి సన్నని పొరగా పరుచుకొంటుంది. అరిగేది ఆ పొర, లోహం కాదు. పొర అరిగితే మళ్ళీ ఏర్పడుతుంది. ఎంజీబీ వంటి పాత ఇంజిన్లలో ట్యాపెట్టు అడుగు బల్లపరుపుగా ఉండి, క్యామ్ ముక్కు దాని మీద రాసుకొంటూ పోతుంది. ఆ చోట ఈ పొర లేకపోతే లోహం లోహాన్ని తింటుంది. అందులోనూ కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్టు ఒకదానికొకటి అలవాటు పడే తొలి అరగంట అత్యంత కీలకం.

మరి కొత్త నూనెలలో ఆ ద్రవ్యాన్ని ఎందుకు తగ్గించారు? పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్లు 1975 నుంచి అమెరికా కార్లలో వచ్చాయి. నూనెలోని భాస్వరం కొద్దికొద్దిగా మండి వాటిని పాడుచేస్తుంది. అందుకని పలచని రకాల నూనెలలో భాస్వరానికి హద్దు పెట్టారు. 1990ల తొలినాళ్ళలో 0.12 శాతం, పిమ్మట 0.10, 2004 నుంచి 0.08 శాతం. చాలా కొత్త ఇంజిన్లలో క్యామ్ మీద రోలరు దొర్లుతుంది కాబట్టి వాటికి బాధ లేదు. గాలి శుభ్రం కావడానికి తీసుకున్న నిర్ణయం అది, తప్పు పట్టలేం. కానీ 1972 నాటి ఇంజిను సంగతి ఆ నిర్ణయంలో లేదు.

ఇక ‘సింథటిక్’ అనే మాట. ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ అనే ఇద్దరు రసాయనవేత్తలు 1877లోనే ప్రయోగశాలలో కృత్రిమ హైడ్రోకార్బన్ నూనెలు తయారుచేశారు. రెండవ ప్రపంచయుద్ధంలో పెట్రోలియం కొరత వల్ల జర్మనీ ఈ విద్యను ముందుకు తీసుకుపోయింది. తరువాత జెట్ విమానాల వేడికి ఖనిజనూనె ఆగలేక ‘ఎస్టరు’ నూనెలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైన కొన్ని సెబాసిక్ ఆమ్లం నుంచి తయారైనవి. సెబాసిక్ ఆమ్లం దేని నుంచి వస్తుందనుకొన్నారు? ఆముదం నుంచే! పంఖా విమానాలు దిగవిడిచిన ఆముదం వేషం మార్చుకొని జెట్ విమానం ఎక్కింది.

కార్లకు మోట్యూల్ సంస్థ 1971లో ఎస్టరు నూనె తెచ్చింది. పాలీ ఆల్ఫా ఓలెఫిన్ అనే కూర్పుతో మొబిల్ 1 అదే దశాబ్దంలో వచ్చింది. అంతవరకు సింథటిక్ అంటే చిన్న అణువులను పేర్చి కట్టిన నూనె, యౌగికార్థమే. 1990లలో ముడిచమురునే హైడ్రోజనుతో తీవ్రంగా శుద్ధిచేసిన నూనెను క్యాస్ట్రాల్ ఆ పేరుతో అమ్మింది. మొబిల్ అభ్యంతరం చెప్పింది. 1999లో అమెరికా వ్యాపార ప్రకటనల పరిశీలక సంస్థ ఆ నూనెనూ సింథటిక్ అనవచ్చునని తేల్చింది. ‘తైలం’ నువ్వులను విడిచినట్లే ‘సింథటిక్’ తన పుట్టుకను విడిచిపెట్టింది.

కాబట్టి మావాడికి ఇలా వ్రాశాను. నాయనా, సింథటిక్ అన్న మాట నూనె పుట్టుకను సగమే చెబుతుంది. నీ ఇంజినుకు సరిపడునో లేదో అసలు చెప్పదు. చిక్కదనం 20డబ్ల్యు-50 ఉండాలి. భాస్వరం ఇంచుమించు 0.10 నుంచి 0.12 శాతం ఉండాలి. పాత కార్ల కోసమే చేసిన నూనెల వివరపత్రంలో ఇది వ్రాసి ఉంటుంది. ఈ రెండూ కుదిరితే ఖనిజమైనా సింథటికైనా పరవాలేదు. భాస్వరం మేలన్నారు కదా అని వేరే సీసాలోని మందు అదనంగా పోయవద్దు. మోతాదు మించితే అదే లోహాన్ని తింటుంది. సింథటిక్ ఎక్కువ కాలం మన్నుతుందని మార్పిడి వాయిదా వేయవద్దు. కార్బురేటరు బండిలో పెట్రోలు నూనెలోకి దిగుతూనే ఉంటుంది. పాత సీళ్ళు కారడం మొదలైతే కంగారుపడవద్దు. ఏళ్ళ తరబడి పేరుకొన్న మడ్డిని కొత్త నూనె కడిగినప్పుడు అలా జరుగుతుంది, సీలు మార్పించు.

వాడు మరో క్యామ్‌షాఫ్టు వేయించి, ఈసారి ఆ ప్రకారమే పోశాడు. శబ్దం లేదని చెప్పాడు. ఆముదం తాగించే ముందు మా అమ్మమ్మ పిల్లవాడి వయసూ, ఒళ్ళూ చూసి చెంచా కొలిచేది. నూనె మారింది గాని ఆ న్యాయం మారలేదు.

మిత్రులకు ఒక విన్నపం. ‘సింథటిక్’కు పాఠ్యపుస్తకాలలో ‘సంశ్లేషిత’ అని ఉంది. ‘కృత్రిమ’ అంటే నకిలీ అనే ధ్వని వస్తుంది. నోటికి పలికే తెలుగు మాట ఎవరికైనా తోస్తే తెలియజేయగలరు.